రెండో వరసలో అమ్మాయి

భవానీపురంలో ఉండే నాగవేణి పాత నలుపు తెలుపు సినిమాలను ఫోన్లో ఆపి ఆపి చూస్తుంది. కథానాయికను వదిలేసి, ఆమె వెనక నాట్యం చేసే అమ్మాయిల ముఖాలను కాగితం మీద గీసి రంగులద్దుతుంది. పేరైనా తెలియనివాళ్ల బొమ్మలు ఎవరు కొంటారని ఇంట్లో అడిగితే నవ్వి, కుంచె కొంగుకు తుడుచుకుంటుంది. గవర్నర్‌పేటలో పెట్టిన ఆమె మొదటి ప్రదర్శనకు జనం పెద్దగా రాలేదు. చివరి రోజు కూచిపూడి నుంచి మనవరాలితో వచ్చిన ఒక ముసలావిడ ఒక బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇది నేనేనమ్మా! పదహారేళ్లప్పుడు రెండో వరసలో నిలబెట్టారు. నన్నెవరూ చూళ్లేదనుకున్నా."

"నేను చూశానండీ," అంది నాగవేణి. ఆవిడకు కుర్చీ వేసి, కొత్త కాగితం తీసింది. "ఇప్పుడు ఎలా ఉన్నారో గీస్తాను, కూర్చోండి."

"కూర్చుంటే ఎట్టా?" అంటూ ముసలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని, మెల్లగా మోకాళ్లు వంచి నాట్యానికి నిలబడింది.