ఆటలో ఏరువడ్డ రోజు

చాప మీదికి జరగండమ్మా, చెవి ఇటు పెట్టండి. ఒక కంప్యూటర్ ఆట కోసం మా ఇంట్లో నెత్తురు కారిన సంగతి చెబుతాను.

నేను యూనివర్సిటీ హాస్టల్లో వంట చేస్తాను. తార్నాకలో రెండు గదుల ఇల్లు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడిది కొరియర్ ఆఫీసులో పని, చిన్నవాడు క్యాంపస్‌లో ఎమ్మే. ఆన్‌లైన్‌లో కత్తులతో నరుక్కునే ఆట ఒకటి ఇద్దరూ కలిసి కొన్నారు. ఒకే అకౌంటు. ఒకడు లేస్తే ఇంకొకడు కూర్చునేవాడు. అలా ఎన్నో కోటలు గెలిచారు.

ఆ ఆటకు కొత్త రాజ్యాలు వచ్చాయి. అవి కావాలంటే మళ్లీ కొనాలట. ఉత్త కొత్త రాజ్యాలే ఉన్న చిన్న బండిల్ ఒకటి, పాత ఆటతో కలిపి ఇచ్చే పెద్ద బండిల్ ఒకటి. ఏది తీసుకోవాలని పెద్దవాడు నన్నడిగాడు. నాకు తెలిసింది కూరల అంగడి.

"బండిలంటె కట్టనే గద బిడ్డా. పెద్ద కట్ట తీస్కో, చిన్నదాంట్ల అన్నీ కాడలే ఉంటయి" అన్నాను.

వాడు అదే కొన్నాడు. ఉన్న ఆటే అందులో మళ్లీ ఉండటంతో పాత అకౌంటు దాన్ని తీసుకోలేదు. తన పేరు మీద కొత్త అకౌంటు తెరిచి అందులో వేశాడు.

సాయంత్రం క్లాసు నుంచి వచ్చిన చిన్నవాడు తెర చూశాడు.

"గిదేంది? నీ ఒక్కని పేరే ఉన్నది."

"పాతదాంట్ల ఎక్కలేరా. కొత్తది తెరిచిన."

"నాకు చెప్పకుండ ఏరువడ్డవా అన్నా?"

ఏరువడటమంటే అన్నదమ్ములు పొయ్యి వేరు చేసుకోవడం. మా మామగారూ ఆయన తమ్ముడూ ఏరువడ్డ నాడు గొడ్డళ్లు లేచాయి. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు.

"ఏరువడితె నీ ఫీజు ఎవడు కడ్తడురా, తిండిపోతా?" అన్నాడు పెద్దవాడు.

చిన్నవాడు అన్న జుట్టు పట్టి తలను తలుపుకేసి బాదాడు. మళ్లీ బాదాడు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. పెద్దవాడు తమ్ముణ్ణి కడుపులో తన్ని పడేసి, గొంతు మీద మోకాలు పెట్టి, చేయి చాచి నా కత్తిపీట అందుకున్నాడు. అది నేను కన్న ముఖంలా లేదు.

కత్తిని అరచేత్తో పట్టుకున్నాను. చర్మం తెరుచుకోవడం తెలిసింది గాని నొప్పి తెలియలేదు.

"పెద్ద కట్ట కొనుమన్నది నేను. కోసేదుంటె నన్ను కొయ్యి."

వాడు కత్తిపీట వదిలి, మోకాలు తీశాడు. చిన్నవాడు దగ్గుతూ లేచి తన చొక్కా నా చేతికి చుట్టాడు.

"బండిలంటె తోటకూర అనుకున్నవానే అమ్మా" అన్నాడు ఏడుస్తూ.

ఆటోలో ఇద్దరి మధ్య కూర్చుని ఆస్పత్రికి వెళ్లాను. నాకూ పెద్దవాడికీ కుట్లు పడ్డాయి. ఆ వారమే పెద్ద బండిల్ వాపసు చేసి, చిన్నది పాత అకౌంటులో వేసుకున్నారు. అయినా చాలా రోజులు చిన్నవాడు అన్న ముఖంలోకి చూడలేకపోయాడు. నా రెండు వేళ్లు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు.

మీ ఇంట అన్నం ఉడకాలి, అన్నదమ్ములు ఒకరి ఎంగిలి ఒకరు తినాలి, మీ గడప చల్లగా ఉండాలి.