తెల్ల వాసెన

నాకు ఎవరి మీదా ఓ పట్టాన నమ్మకం కుదరదు. జగ్గయ్యపేట నుంచి రోజూ నందిగామ వెళ్లి పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడ్ మీద అసలే కుదరదు.

క్వాంటమ్ సమాచారం దారిలో పాడైతే సరిచేయాలి, కానీ లోపల ఏముందో చూడకూడదు. చూస్తే చెడిపోతుంది. అదనంగా ఒక్క కణం కూడా వాడకుండా, దాంతోపాటే అవునో కాదో చెప్పే మామూలు కబురు కూడా పంపాలి. సమాచారాన్ని అవునుకు ఒక కోడ్‌లో, కాదుకు ఇంకో కోడ్‌లో పెట్టి పంపాలి. ఏ కోడ్‌లో వచ్చిందన్నదే కబురు. ఇదీ నా పరిశోధన.

ఆ కిటుకునే పెనుగంచిప్రోలులో ఉన్న మా అక్కకు నేర్పాను. బావ అక్క ఫోన్ రోజూ తిరగేస్తాడు. అందుకని జగ్గయ్యపేటలో ఉన్న నాకు ఆటోలో ఆవకాయ జాడీ పంపేది. పచ్చడి పాడవుతుందని దారిలో ఎవరూ మూత తీయరు. మూతికి కట్టిన వాసెన గుడ్డ ఎర్రదైతే బాగున్నానని, తెల్లదైతే వచ్చి తీసుకెళ్లమని.

మొన్న వేసవిలో ఎర్ర వాసెనతో జాడీ వచ్చింది. హమ్మయ్య అనుకుని గూట్లో పెట్టాను. సాయంత్రం గైడ్ ఫోన్ చేశాడు.

"నీ రెండు కోడ్‌లూ విడివిడిగా తప్పులు దిద్దుకుంటాయమ్మా, ఒప్పుకున్నా. దారిలో పాడైన 'అవును' అచ్చం 'కాదు'లా కనిపిస్తేనో? అది చూశావా?"

చూడలేదు. ఒళ్లు మండింది. నా పేపర్ ఆపడానికే ఈ మెలిక పెట్టాడని తిట్టుకుంటూ గూటి వైపు చూశాను. జాడీ చుట్టూ నూనె కారి ఉంది.

పురికొస విప్పాను. లోపలికి మడిచిన అంచు తెల్లగా ఉంది. ఊట పొంగి మిగతా గుడ్డంతా ఎర్రగా చేసింది. ఓరి దేవుడో అంటూ ఆటో కోసం పరిగెత్తాను.

బావ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏంటమ్మా, ఫోనన్నా చెయ్యకుండా వచ్చావ్?"

"ఊరికే బావా, అక్కతో బజారుకెళ్దామని."

నన్ను ఎగాదిగా చూశాడు. అక్క ఒట్టి చేతులతో బయటికొచ్చింది. "తొందరగా వచ్చేయ్," అన్నాడు. "ఆ, వచ్చేస్తా," అంది.

ఆటో ఊరు దాటాక అడిగాను.

"బట్టలన్నా తెచ్చుకోలేదేంటక్కా?"

"సంచి చూస్తే పంపేవాడు కాదే," అంటూ భోరుమంది. "జాడీ పంపినప్పట్నించీ చూస్తన్నా. ఎంతకీ రాకపోయేసరికి, నువ్వూ ఆయన వైపేనేమోనని అనుమానమొచ్చింది."