ఏడవని పిల్ల

మొన్న కోడలికి తీరిక లేక మనవరాలి బడిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్తే, పిల్లల మనసుల గురించి చెప్పడానికి వచ్చిన కౌన్సెలర్ అమ్మాయి, ఎవరి దగ్గరికైనా ఒకేలా వెళ్లిపోయే పిల్లల్ని, దెబ్బ తగిలినా ఎవరినీ పిలవని పిల్లల్ని చూసి మురిసిపోకండి, అది బుద్ధిమంతనం కాదు, ఎవరినీ నమ్ముకోలేకపోవడం అంది. నాకు మా అక్క కూతురు గుర్తొచ్చి, ఆ తరువాతి మాటలేవీ చెవికెక్కలేదు.

ఎనభైల చివరి మాట. అక్క కాన్పుతోనే మంచం పట్టి, బిడ్డకు రెండేళ్లు నిండకముందే పోయింది. బావది గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. డ్యూటీకి పోతూ పిల్లను ఆ కిరాయి గదుల వరసలో ఏ తలుపు తీసి ఉంటే ఆ ఇంట్లో వదిలేవాడు. అక్కడ మనుషులు నిలకడగా ఉండేవారు కారు. ఇవాళ అన్నం తినిపించిన ఆమె వచ్చే నెలకు ఒడిశాకో బీహారుకో వెళ్లిపోయేది. పిల్లకు నాలుగేళ్లప్పుడు, నాకింకా సంతానం కలగక, చిట్కుల్‌లోని మా ఇంటికి తెచ్చుకున్నాను.

వచ్చిన రోజున ఏడవలేదు. పెట్టింది తిని, పడుకోమన్నచోట పడుకుంది. ఎంత మంచి పిల్లో అని మా వాడలో అందరూ మెచ్చుకుంటే నేనూ పొంగిపోయాను. ఒకరోజు వేడిగిన్నె తగిలి ముంజేయి కాలితే గౌనులో దాచుకుని గోడవారగా కూర్చుంది. సాయంత్రం స్నానం చేయిస్తూ బొబ్బ చూసి నేనే ఏడ్చాను. పటాన్‌చెరు అంగడిలో తప్పిపోయి, ఎవరో పండ్లమ్మే ఆమె ఒళ్లో దొరికినప్పుడు, పరుగున వచ్చిన నన్ను కూడా దారినపోయే మనిషిని చూసినట్టే చూసింది.

ముందుగా పసిగట్టింది బడి పంతులమ్మ. పిల్ల తెలివైనదే, కానీ కింద పడితే ఎవరినీ పిలవడం లేదు, పట్నంలో పిల్లల మనసు డాక్టరుకు చూపించమంది. మా అత్తమ్మ మండిపడింది. “పిచ్చి దవాఖానకు తీస్కపోతవా? రేపు ఈ పిల్లకు లగ్గమైతదా?” ఆ మాటకు జడిసి ఆరు నెలలు ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ ఆరు నెలలే నన్ను పొడుస్తుంటాయి.

చివరికి ఎవరికీ చెప్పకుండా వెళ్లాను. డాక్టరమ్మ మందులేవీ రాయలేదు. ఈ పిల్లకు ఒకే మనిషి ఒడి ఎన్నడూ దొరకలేదు, నువ్వు విసుక్కోకుండా, ఎక్కడికీ పోకుండా దగ్గరుండు, వారం వారం తీసుకురా అంది. ఐదు వారాలు బస్సెక్కించి తీసుకెళ్లాను. ఆ ఐదో వారంలోనే పిల్ల కాలిలో ముల్లు గుచ్చుకుంటే కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి, పాదం ఎత్తి చూపించింది. ఆ పాదం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

ఆ మరుసటి వారమే బావ వచ్చాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడట, బిడ్డను తీసుకుపోతానన్నాడు.

“జెర ఏడాది ఆగు బావా, ఇప్పుడిప్పుడే నా దగ్గరికి వస్తున్నది” అని బతిమాలాను.

“నా బిడ్డను నా ఇంటికే గద తీస్కపోయేది. చిన్నపిల్ల, రెండ్రోజుల్ల మర్సిపోతది.”

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట నిజంగా నమ్మాడు. మా ఆయన కూడా, కన్నతండ్రికి మనమేం చెప్తామని తల దించుకున్నాడు. అప్పుడు పిల్ల గుమ్మంలో నా కొంగు పట్టుకుని, మా ఇంటికొచ్చాక మొదటిసారి, ఊపిరాడనంతగా ఏడ్చింది. ఎన్నడూ ఏడవదని మెచ్చుకున్న వాడవాళ్లే, గారాబం చేసి మొండిదాన్ని చేశావని నన్ను దెప్పారు. కొంగు విడిపించింది నా చేతులే.

మూడు నెలలకు చూడబోతే చుట్టానికి ఇచ్చినట్టు మంచినీళ్లు తెచ్చిచ్చి, పక్కింటికి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. బావ చెప్పింది నిజమే, మరచిపోయింది.

ఇప్పుడు దానిది ముత్తంగిలో కాపురం. శుభకార్యాల్లో కలిస్తే “బాగున్నవా చిన్నమ్మా” అని అందరినీ అడిగినట్టే అడుగుతుంది. కొన్నేళ్ల కిందట ఒక పెళ్లిలో దాని పసికూతురు కిందపడి ఏడుస్తుంటే, ఎత్తుకోబోయి, ఎలా ఎత్తుకోవాలో తెలియనట్టు సగంలో ఆగిపోయింది. నేనే లేచి ఎత్తుకున్నాను. అంతకుమించి ఏం చేయగలను?

ఈనాటి పిల్లల బాధకు పేరుంది, చెప్పడానికి చదువుకున్న మనుషులున్నారు, చెబితే ఆగి వినే తండ్రులూ ఉన్నారు. ఆనాడు ఆ గుమ్మంలో దాని బాధ తెలిసింది నాకొక్కదానికే, నాకు చెప్పడం రాలేదు.