రెండు దోసిళ్ల ఎరువు

మూడేళ్లుగా అడుగుతున్నాను, ఇంతవరకు జవాబు లేదు.

కార్వాన్‌లో బర్రెలు పెంచే ఆ పెద్దాయన, ఎరువు మాగిందో లేదో చూడటానికి కుప్పలోకి మణికట్టు దాకా చెయ్యి దూరుస్తాడు. ఎండాకాలం మేతకని జల్‌పల్లి ప్లాటులో నేను ముళ్లు లేని నాగజెముడు నాటి, పచ్చిపేడ వేశాను. మట్టలన్నీ కుళ్లిపోయాయి. ఆయన వచ్చి పేడలో చెయ్యి పెట్టి, పదిమంది ముందు నవ్వాడు.

"ఇంకా కాలుతుంది గదరా! పొయ్యి మీద నాటినవా?"

ఆ మాట నేను మరువలేదు. పేడను నెలల తరబడి మాగబెట్టి మళ్లీ నాటాను. జెముడు నడుమెత్తు పెరిగింది. ఆయన్ని పిలిపించాను. చెయ్యి పెట్టాడు, వాసన చూశాడు.

"ఎట్లుంది బాపూ?"

పలకకుండా తువ్వాలలో రెండు దోసిళ్లు మూటగట్టుకుని వెళ్లిపోయాడు. తన మొక్కలకే వేసుకున్నాడట.

అయితే ఏంది? నవ్వింది నోటితోనే కదా. బాగుందో లేదో నోటితోనే చెప్పు బాపూ.