చూడకుండా చాచిన చెయ్యి

పోయిన వారం మా ఆఫీసు ఆటల పోటీల్లో రిలే పరుగు పెట్టారు. చేతులు మారాల్సిన బ్యాటన్ కర్ర తేవడం ఎవరికీ గుర్తులేక, చుట్టిన కాగితాలతో కానిచ్చారు. ప్రతివాళ్లూ ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులతో ప్రసాదంలా పుచ్చుకుంటున్నారు. ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి, "వెనక్కి చూడకండి!" అని అరిచాను. యాభై దాటిన ఆడమనిషి అలా అరిస్తే పిల్లలు నవ్వరూ? నవ్వారు. ఆ పరుగు నేనెవరి దగ్గర చూశానో వాళ్లకేం తెలుసు.

తొంభైల చివర్లో కాకినాడ నుంచి కంప్యూటరు ఉద్యోగానికొచ్చి, మాదాపూర్ ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆ ఇంటి పెద్దమ్మాయి దేశం తరఫున పరుగెత్తే మనిషి. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. శిక్షణ శిబిరాల మధ్య ఇంటికొచ్చినా ఒక్కచోట నిలిచేది కాదు. అన్నం తింటున్నా మడమలు ఆడుతూనే ఉండేవి. "పుట్టినసంది గిదే ఉరుకుడు. పెండ్లిపీటల మీద ఎట్ల కూసుంటదో ఏమో!" అని వాళ్లమ్మ నాతో మొరపెట్టుకునేది. అప్పట్లో ఊరి చుట్టూ గుట్టలు పేల్చి రోడ్లు వేస్తున్నారు. బండ్లు ఇంకా తిరగని ఆ కొత్త తారు మీద పొద్దున్నే అక్కదే రాజ్యం. బండలు పేలిన చప్పుడు వినబడితే చాలు, చేతిలో చాయ్ గ్లాసుతోనే నాలుగడుగులు ముందుకు పోయేది. పోటీ మొదలుపెట్టే తుపాకీ అనుకునేవి కాబోలు ఆ కాళ్లు.

ఆ యేడు విదేశంలో జరిగే పోటీకి, విడిగా పరుగెత్తే అవకాశం అక్కకు కాక విశాఖ అమ్మాయికి దక్కింది. అక్కను రిలేకి మాత్రం తీసుకున్నారు. పైగా ఆ అమ్మాయి చేతినుంచే బ్యాటన్ అందుకోవాలి. ఇద్దరికీ మాటల్లేవు. రిలేలో ముందున్న మనిషి, వెనకామె దగ్గరపడగానే చూడకుండా పరుగు అందుకుని చెయ్యి వెనక్కి చాచాలి. గీసిన గీతల లోపలే బ్యాటన్ చేతులు మారాలి. ఆ పోటీలో అక్క ముందే బయల్దేరింది. బ్యాటన్ అందేసరికి గీత దాటిపోయింది. జట్టు మొత్తాన్నీ పోటీలోంచి తప్పించారు.

తిరిగొచ్చాక అక్కది ఎండనకా వాననకా ఆ రోడ్డు మీద ఒకటే పరుగు. ఒక ఆదివారం ఉన్నట్టుండి, "జర నాతోని సికింద్రాబాద్ వస్తవా? ఒక్కదాన్నే పోబుద్ధయితలేదు" అంది. విశాఖ అమ్మాయి అక్కడ ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉండేది. బస్సులో సీటు దొరికినా అక్క కూర్చోలేదు.

ఆ అమ్మాయి గేటు దగ్గరికొచ్చి, లోపలికి రమ్మనకుండానే అడిగింది. "ఆగమని నేను అరిచింది నీకు వినబడిందా లేదా? ముందది చెప్పు."

"వినవడ్డది."

"మరెందుకు ఆగలేదు?"

అక్క చెప్పుతో నేల గీకింది. "నువ్వు నన్ను అందుకోలేవని సూపెట్టాల్ననుకున్న. నిన్ను తీసుకున్నరన్న కోపం. గంతే."

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "విన్నారాండీ? నేను అందుకోలేనట! తనని కాదని నన్ను తీసుకున్నది ఎందుకనుకుంటోందో." అంటూనే కళ్లు తుడుచుకుంది. పతకం పోయింది ఆమెకు కూడా కదా. కాసేపటికి, "పొద్దున మీ రోడ్డు మీదకే వస్తాను. ఈసారి నా కేక వినకపోతే ఊరుకోను" అంది.

అన్నట్టే వచ్చింది. సెలవు దొరికినప్పుడల్లా వస్తూనే ఉంది. రోడ్డు మీద సున్నపు గీతలు, వెనకనుంచి ఒక కేక, చూడకుండా వెనక్కి వచ్చే ఒక చెయ్యి. మొదట్లో బ్యాటన్ ఎన్నిసార్లు కిందపడిందో! పడినప్పుడల్లా ఒకళ్లనొకళ్లు తిట్టుకునేవాళ్లు. తర్వాత అక్క వాళ్లమ్మ పెట్టే జొన్నరొట్టెల దగ్గర ఒకే కంచానికి చేతులు చాపేవాళ్లు.

మరుసటేడు మళ్లీ విదేశం వెళ్లారు. ఇంట్లో ఫోను లేదు కాబట్టి అక్క మా ఆఫీసుకే చేసింది. మేనేజరు గుడ్లురుముతుంటే రిసీవరు పట్టుకున్నాను. "మూడో స్థానం వచ్చింది! అమ్మకు చెప్పు!" అని అరుపు, వెనకాల విశాఖ అమ్మాయి నవ్వు. జన్మలో బస్సు వెంట కూడా పరుగెత్తని నేను, ఆ మిట్టమధ్యాహ్నం మాదాపూర్ దాకా పరుగెత్తాను. చెప్పు తెగితే చేత్తో పట్టుకున్నాను. గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాను. వాళ్లమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తింది.

"కట్టె కిందవడలే గద?"

"పడలేదమ్మా. పతకం..."

"ఇగ ఫికర్ లేదు," అంటూ చాట పక్కన పెట్టి నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

ఆ తర్వాత తొడ కండరం చిట్లి, అక్క మళ్లీ దేశం తరఫున పరుగెత్తలేదు. ఇప్పుడు వేరే జిల్లాలో పిల్లలకు పరుగు నేర్పుతోంది. ఫోన్లో మాట్లాడుతున్నా గదంతా తిరుగుతూనే ఉంటుంది, అడుగుల చప్పుడు నాకు వినబడుతుంది. ఆ ఏళ్లలో నేను చేసిన ఉద్యోగంలో ఆ ఫోను వచ్చిన పూట తప్ప ఇంకొకటి నాకు సరిగ్గా గుర్తులేదు. రెప్పపాటులో అయిపోయిన వాళ్ల ఆ పతకం పరుగు మాత్రం, కళ్లారా చూడకపోయినా, పాతికేళ్లయినా నాలో ఇంకా అయిపోలేదు.