చుక్కి చేపిన పూట

యాకుత్‌పురాలో సత్తెమ్మ పాలంటే నీళ్లు కలవని పాలని పేరు. ఆ పేరంటే ఆమెకెంత మురిపెమో, ఆమె నోరంటే బస్తీకి అంత భయం. మొగుడు బీరయ్య బుద్ధిమంతుడు. అంటే, ఆమె మాట్లాడుతున్నప్పుడు అతను మాట్లాడడు.

అది 1951. జిల్లాల్లో గడబిడలప్పుడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని పట్నం చేరినవాళ్లు ఇంకా నవాబుల పాత భవంతుల్లో, ఆ దేవిడీల్లోనే తలదాచుకుంటున్నారు. సర్కారు వాళ్లకు బతుకుతెరువు చూపించే పనిలో పడింది. కుట్టుపని వచ్చినవాళ్లకు మిషన్లు, పశువుల సంగతి తెలిసినవాళ్లకు బర్రెలు. వార్డు ఆఫీసువాళ్లు ఇంత పని మావల్ల కాదని చేతులెత్తేస్తే, వాళ్లకు సాయంగా పైనుంచి రంగనాథ్ అనే గుమాస్తాను పంపారు. పాపం నిజాయితీపరుడే, కానీ బర్రెను కాగితం మీద తప్ప దగ్గరనుంచి చూసినవాడు కాదు. అతను సత్తెమ్మ దగ్గర చుక్కి అనే బర్రెను కొని, జహీరాబాద్ దిక్కునుంచి వచ్చిన హలీమా బీకి ఇప్పించాడు. ఆమెకు మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు.

పాడిబర్రె చేతులు మారితే అమ్మినామె మూడురోజులు కొత్త ఇంటికి వెళ్లి, కొన్నామెను పక్కన కూర్చోబెట్టుకుని పాలు పిండాలి. పాడివాళ్ల ఆనవాయితీ అది. చుక్కికైతే అది మరీ అవసరం. ఈనగానే దాని దుడ్డె చచ్చిపోయింది. అప్పటినుంచి అది సత్తెమ్మనే తన దుడ్డె అనుకుని, ఆమె చెయ్యి పడితేనే చేపేది, పొదుగులోకి పాలు దింపేది. ఆ సంగతి చెప్పబోతే రంగనాథ్ అడ్డం పడ్డాడు.

“దస్తఖత్ అయిపోయిందమ్మా. ఇగ అది సర్కారు బర్రె. బయటోళ్లు ముట్టుకోవద్దు.”

“గట్లనా సాబ్? అయితే మీ సర్కారునే పిండుకోమను,” అని సత్తెమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

వారం తిరగకముందే బీరయ్య కబురు మోసుకొచ్చాడు. చుక్కి గిద్దెడు పాలు కూడా ఇవ్వడం లేదట. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అని ఊరికే అన్నారా అంటూ దేవిడీలో ఆడవాళ్లు హలీమా మీదే నెపం వేస్తున్నారట. శుక్రవారం పై అధికారి తనిఖీకి వస్తాడు. పాలు లేకపోతే బర్రెను తోలుకుపోయి, ఆమె పేరు కొట్టేస్తారు.

“నా బర్రె ఒట్టిపోయిందంటరా?” అని సత్తెమ్మ బుసకొడుతూ బయలుదేరింది.

తీరా దేవిడీలో హలీమాను చూసేసరికి ఆ కోపమంతా చల్లారిపోయింది. తెల్ల దుపట్టా కప్పుకున్న ఆ మనిషి చుక్కి మెడ నిమురుతూ, దాన్ని బతిమాలుతూ ఏడుస్తోంది. పిల్లలిద్దరూ ఖాళీ చెంబు పట్టుకుని నిలబడ్డారు.

“మా ఊర్ల మూడు బర్లను పిండిన అక్కా,” అంది హలీమా. “గిప్పుడు నా చెయ్యికి ఏమైందో సమజైత లేదు.”

సత్తెమ్మకు సిగ్గేసింది. తన పంతం పసిపిల్లల నోటికాడి కూడు తీస్తోందని అప్పుడు తెలిసొచ్చింది.

“నీ చెయ్యి మంచిదే చెల్లె. తప్పు నాది,” అంది. ఆమె నోట ఆ మాట బీరయ్య కూడా ఎన్నడూ విని ఉండడు.

మూడురోజుల పనికి రెండురోజులే మిగిలాయి. మొదటిరోజు హలీమా చేతిని తన చేతికింద పెట్టుకుని పిండింది. రెండోరోజు తను కట్టి విడిచిన ఎర్రచీరను, పేడ వాసనా కుడితి వాసనా పోకుండా ఉతక్కుండానే తెచ్చి ఇచ్చింది. హలీమా వెనక్కి తగ్గింది. మొగుడు పోయాక ఆమె రంగుబట్ట ముట్టలేదు.

“సింగారానికి కాదే పిల్లా, బర్రెకోసం. దానికి రంగుతోని ఏం పని? వాసన ఉంటె చాలు.”

హలీమా పిల్లలవంక చూసింది. చీరను భుజాలచుట్టూ కప్పుకుంది.

శుక్రవారం పొద్దున అధికారి వచ్చాడు. తను కనబడితే చుక్కి తనకోసమే పాలు దాచుకుంటుందని సత్తెమ్మ గోడ అవతల కూర్చుంది. రంగనాథ్ ఆమెను చూశాడు, చూడనట్టే తల తిప్పుకున్నాడు. లోపల ఎంతసేపటికీ చప్పుడు లేదు. చుక్కి ఒక్కసారి అరిచింది. ఆ అరుపు తనకోసమేనని సత్తెమ్మకు తెలుసు. లేవబోయి, కొంగు నోట్లో కుక్కుకుని మళ్లీ కూర్చుంది. ఆమె మొక్కని దేవుడు లేడు.

అప్పుడు చెంబులో సర్రుమని ధార పడింది. దాని వెనకే ఇంకోటి.

ఆ తర్వాత రంగనాథ్ పైవాళ్లకు రాసి, అమ్మినవాళ్లు మూడురోజులు వచ్చి పిండాలన్నది సర్కారు షరతుగానే పెట్టించాడు. ఏడాదిలో సత్తెమ్మ దబీర్‌పురాదాకా తిరిగి పద్నాలుగుమందికి పని నేర్పింది. తిట్లు మాత్రం ఎవరికీ తక్కువ చేయలేదు.

కానీ అంతకుముందే, తనిఖీ అయిన నెలకు, ఒకసారి చుక్కిని చూడబుద్ధేసి దేవిడీకి వెళ్లింది. హలీమా ఎర్రచీర లేకుండా, తన తెల్ల దుపట్టా కప్పుకునే పాలు పిండుతోంది. సత్తెమ్మ “చుక్కీ” అని పిలిచింది. చుక్కి ఒకసారి చూసి, మళ్లీ కుడితిలో మూతి పెట్టింది. పాలధార ఆగలేదు.

ఇంటికొచ్చి గడపలో కూలబడి, “నన్ను మర్చిపోయిందయ్యా,” అంది బీరయ్యతో.

“బాధైతుందా?”

“మస్తు బాధైతుంది,” అంది సత్తెమ్మ కళ్లు తుడుచుకుంటూ. “ఇగ ఆ పిల్లకు ఫికర్ లేదు.”