తెగిన గడ్డలు

డాక్టరు గెనుసుగడ్డల, అదే చిలగడదుంపల, పేరు ఎత్తగానే నాకు నీరసం ముంచుకొచ్చింది. అప్పటికే మదనపల్లెలో ఆ ఆస్పత్రి బెంచీ మీద మూడు గంటలు కూర్చుని ఉన్నాం. అమ్మ కాలికి కట్టు, నా చేతిలో ఆమె చెప్పు. బొటనవేలి పక్కన లేచిన చిన్న పుండు రెండు నెలలుగా మానడం లేదు. అంతకు ముందు నేను కుప్పంలో టీచరుగా ఉన్నప్పుడే ఆమెకు షుగరు బయటపడింది. మాత్రలు వేసుకుంటోంది గానీ అన్నం మాత్రం పిడికెడు కూడా తగ్గించలేదు.

మూడు పూటలా తెల్లన్నమే తింటే పుండు మానదనీ, ఇట్లాగే పోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందనీ ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. ఒక పూట రాగిసంగటి తినమన్నాడు. మధ్యాహ్నం రెండు గెనుసుగడ్డలు తొక్కతో ఉడకబెట్టుకుని, బెల్లం జోలికి పోకుండా, ఆకుకూరతో తినమన్నాడు. వాటిలో పీచు ఉంటుందనీ, ఆకలి తొందరగా వెయ్యదనీ, కాల్చినవాటి కంటే ఉడికినవాటితో చక్కెర మెల్లగా ఎక్కుతుందనీ అన్నాడు. అన్నానికి బదులుగా తినాలి గానీ అన్నంతో పాటు కాదని, మాత్రలు మానకూడదని రెండుసార్లు చెప్పాడు.

బయటికి వచ్చి చెప్పు తొడుక్కుంటూ అమ్మ అంది, "ఇది సెప్పేదానికి అంత సదువు సదవాల్నా? ఆ గడ్డలు తినే పని లేకుండా ఉండాలనే గదమ్మా నిన్ను సదివిచ్చింది."

నేను ఇంటికి ఆటో మాట్లాడాను.

మాది పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక మెట్ట ఊరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి పోయేది. తొంభైల మొదట్లో బావి కింద కాస్త తడి ఉన్న రైతులు గెనుసు తీగ నాటేవాళ్ళు. తవ్వేటప్పుడు పార తగిలి తెగిన గడ్డ సంతకు పోదు, రెండు రోజులకే మెత్తబడిపోతుంది. అందుకని తెగినవి తవ్వినవాళ్ళవే అనేది మా పక్క వాడుక. కావాలని తెగ్గొడతారేమోనని రైతు గట్టు మీద నిలబడి కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాడు. అమ్మ పార వేస్తే మాత్రం ఆయన అటు చూడాల్సిన పనే ఉండేది కాదు. ఎప్పుడో ఒకటీ అరా తప్ప గడ్డకు గాటు పడేది కాదు. సాయంత్రానికి అందరి ఒళ్ళోనూ నిండుగా గడ్డలుంటే ఆమె ఒళ్ళో నాలుగుండేవి. "యాల మే నీకు అంత పనితనం? రైతు నీకేమన్నా మేనమామనా?" అని మా అవ్వ తిట్టేది.

ఆ నాలుగూ, పక్కవాళ్ళు జాలిపడి పెట్టినవీ కలిపి, ఆ నెలల్లో పొద్దున గడ్డలు, మధ్యాహ్నం గడ్డలు. కాస్త చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి ఉంటే అదే విందు. రాత్రికి సంగటి. ఆ రోజుల్లో నేను జబ్బుపడి బడి మానిన గుర్తు లేదు. అయినా అవి ఆరోగ్యమని మేమెవరం అనుకోలేదు. కడుపు నిండేది, అంతే.

పుంగనూరులో హైస్కూలుకు పోయినప్పుడు అవే బాక్సులో కట్టేది. తెగిన గడ్డను ఉడకబెడితే గాటు పడ్డ చోట నల్లగా గట్టిపడుతుంది. తొక్క తీసినా ఆ మచ్చ పోదు. రైతుల పిల్లలూ గడ్డలు తెచ్చుకునేవాళ్ళు, కానీ వాళ్ళవి నిండు గడ్డలు. ఒకరోజు పక్కన కూర్చున్న పిల్ల నా బాక్సులోకి చూసి, "అవి మా సేన్లో గడ్డలేనా?" అని అడిగింది. పాపం ఎగతాళి కూడా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి బాక్సు మూత తియ్యకుండా ఇంటికి తెచ్చేదాన్ని. కడుపునొప్పి అనేదాన్ని. అమ్మ ఏమీ అడగకుండా ఆ చల్లారిన గడ్డలు తను తిని, తన సంగటి ముద్ద నాకు పెట్టేది.

ఉద్యోగం వచ్చి కుప్పంలో ఇల్లు తీసుకున్నప్పుడు మొట్టమొదట కొన్నది సన్నబియ్యం బస్తా. బస్టాండులో ఆవిర్లు కక్కే గడ్డలు అమ్ముతుంటే అమ్మ ఒక్క క్షణం ఆగి చూసేది. నేను చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాన్ని. మూడు పూటలా అన్నం పెట్టడమే ప్రేమ అనుకున్నాను. అందులో సగం ప్రేమ, సగం నా పరువు. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అలసట తప్ప.

మదనపల్లెకు బదిలీ అయ్యాక ఇదిగో, ఈ డాక్టరు. మార్కెట్లో గడ్డలు తెచ్చి పడేసి నా పని అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత రక్తం చూస్తే షుగరు ఇంకా పెరిగింది. పుండు అట్లాగే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గడ్డలు తింటాండావా లేదా?"

"తింటానే ఉండాను గదమ్మా. దినామూ నాలుగ్గంటలకు రెండు."

"మరి మధ్యానం?"

"మధ్యానం బువ్వ," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

తలపట్టుకుని కూర్చున్నాను. బియ్యం బస్తా ఇంట్లోకి వచ్చిన రోజే గడ్డలు కూడు కాకుండా పోయాయి, పలారం అయిపోయాయి. పలారం ఎంత తిన్నా తిన్నట్టు కాదు, దాని ముందో వెనకో అన్నం పడాల్సిందే. ఆమెకు అట్లా నేర్పింది నేనే. అయినా ఆమె మీదే అరిచాను, వేలు తీసేస్తారు, అర్థమవుతోందా అని. అమ్మ కాలి కట్టు సర్దుకుంటూ అంది,

"నువ్వు బాక్సులో బువ్వ కట్టుకోని పోతావు, నన్ను గడ్డలు తినమంటావు. నువ్వూ అదే తిను. అప్పుడు నేను బువ్వ ముట్టను."

సరేనన్నాను. మరుసటి రోజు నుంచి ఆమే నా బాక్సు కట్టింది. ముప్పై దాటిన దాన్ని, పిల్లలకు సైన్సు పాఠంలో సమతుల ఆహారం చెప్పేదాన్ని, స్టాఫ్ రూములో ఆ మూత తియ్యలేకపోయాను. ఒక్కపొద్దని చెప్పాను. సాయంత్రం మా వీధి మొదట్లో కట్టేసిన ఆవు ముందు గడ్డలు పడేసి ఇంటికి పోయాను. మూడు రోజులు అదే పని. ఆ మూడు రోజులూ అమ్మ మాట మీద నిలబడి మధ్యాహ్నం గడ్డలే తింది.

నాలుగో రోజు ఆవు లేదు. అమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. నా సంచీలోంచి బాక్సు తీసుకుంది. బరువు తెలిసిపోయింది. అక్కడే మెట్టు మీద కూర్చుని మూత తీసి, చల్లారిన గడ్డ ఒకటి తొక్క ఒలిచి తినడం మొదలుపెట్టింది, నా చిన్నప్పటిలాగే.

కడుపునొప్పి అనబోయి ఆగిపోయాను. ఆమె తలెత్తకుండానే అంది, "ఇంగా యాలమ్మా సిగ్గు? సూడు, ఒక్కటన్నా తెగింది పెట్టినానా?"

ఆమెకు నా హైస్కూలు రోజులనుంచీ తెలుసు. నేను ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని రెండో గడ్డ తీసుకుని తిన్నాను. మరుసటి రోజు స్టాఫ్ రూములో మూత తీసి బల్ల మీద పెట్టాను. ఎవరూ పట్టించుకోలేదు, ఒకావిడ సగం ముక్క అడిగి తీసుకుంది.

ఎండాకాలం సెలవులకు పుండు మానింది, వేలు నిలిచింది. ఒక ఆదివారం వంటింట్లోకి పోతే అమ్మ గడ్డలు ఏరుతోంది, మార్కెట్లో కొసరుగా వేసిన తెగినవీ వాటిలో ఉన్నాయి. నిండువి నా బాక్సుకు తీసి పెట్టి, తెగినవి తన గిన్నెలో వేసుకుంటోంది.